పాత మెస్సీ ట్రాక్టర్ కింద ఆయిల్ చుక్కలు: రెండుగా విడదీసే ముందు ఒక్కసారి బ్రీదర్ చూడండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు కొన్న పాత మెస్సీ ఫెర్గూసన్ 1035, ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య కింద నుంచి ఆయిల్ కారుతోంది, మెకానిక్ ట్రాక్టర్‌ని రెండుగా విడదీసి వెనక సీలు (క్రాంక్ షాఫ్టు వెనక చివర ఆయిల్ కారకుండా ఆపేది) మార్చాలంటున్నాడు, చేయించాలా వద్దా అని. చేయించాల్సి రావచ్చండీ, కానీ ఈ వారమే వద్దు. ముందు కొన్ని చూసుకోండి. అవి చూసుకోకుండా నేను రెండుసార్లు విప్పించాను, రెండుసార్లూ డబ్బు పోయింది.

మాదీ 1035నే. 3 సిలిండర్ల సింప్సన్ ఇంజను, పెర్కిన్స్ డిజైన్ మీద వచ్చింది. దమ్ము సీజన్ మొదలయ్యే ముందు షెడ్డులోంచి తీస్తే రోజుకి అర లీటరు దాకా కారడం మొదలైంది. మెకానిక్ వెనక సీలే అన్నాడు, సరే అన్నాను. మూడు రోజులు పని ఆగింది. వారం తిరక్కుండానే మళ్ళీ అదే చోట అదే చుక్క. సామాను మంచిది కాదని ఇంకో సీలు తెప్పించి మళ్ళీ విప్పాడు. మళ్ళీ అంతే. అప్పుడు పక్క ఊళ్ళో, చూపు సరిగ్గా ఆనక పని మానేసిన ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళాను. ఆయన పానా కూడా పట్టుకోలేదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయించి, రంధ్రం మీద అరచెయ్యి పెట్టి, "లోపల ఊపిరాడట్లేదురా దీనికి" అన్నాడు.

విషయమేంటంటే, ఎంత మంచి ఇంజనైనా పిస్టన్ రింగుల పక్క నుంచి కొంచెం గ్యాసు కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం. ఆ దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడి నుంచి, అంటే సీళ్ళ దగ్గర, ప్యాకింగుల దగ్గర, ఆయిల్‌ని బయటికి తోస్తుంది. కొత్త సీలు వేసినా ఆగదు. మా గొట్టంలో ఏముందంటే కందిరీగ కట్టిన మట్టిగూడు! ఆర్నెల్లు షెడ్డులో ఉంటే కట్టేసింది. తీగతో పొడిచి, డీజిల్ పోసి కడిగాక సాయంత్రానికి కారడం ముప్పాతిక తగ్గిపోయింది. నేనైతే నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూర్చున్నాను.

కాబట్టి మీరు ముందు బ్రీదర్ విప్పి శుభ్రం చేయండి. రూపాయి ఖర్చు లేదు. తర్వాత ఇంజన్ వేడెక్కాక ఆయిల్ మూత తీసి చూడండి. కొంచెం ఆవిరిలా వస్తే ఫర్వాలేదు. అదే బుస్సు బుస్సుమని పొగ తన్నుతూ ఉంటే రింగులూ లైనర్లూ అరిగాయని, అప్పుడు సీలు మీద డబ్బు పెట్టడం దండగ, ఇంజన్ పనే చేయించుకోవాలి.

రెండోది ఆయిల్ గేజి, అంటే ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ. రోజూ కారుతున్నా మట్టం తగ్గట్లేదా, లేదా పైపెచ్చు పెరుగుతోందా? వేలికి రాసుకుని వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే చాలావరకు ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) లోపలి డయాఫ్రం, అంటే సాగే పొర, చిరిగి డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. ఆయిల్ నీళ్ళలా పల్చబడితే అప్పటిదాకా ఆపిన సీళ్ళు కూడా ఆపలేవు. అన్నిటికన్నా ముఖ్యం, అలా ఉంటే ఇంజన్ అసలు నడపొద్దు, బేరింగులు పోతాయి. పంపు బాగుచేయించి, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే స్టార్ట్ చేయండి.

ఇక అసలు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవాలి. ఆయిల్ ఎక్కడో పైన ఊరి, గాలికీ ఊపుకీ వెనక్కి పాకి, కిందికొచ్చి చుక్క పడుతుంది. చుక్క పడ్డ చోటే జబ్బు ఉందనుకుంటే మోసపోతాం. ఇంజన్ మొత్తం డీజిల్‌తో, బ్రష్షుతో కడిగి బాగా ఆరనివ్వండి. ఆరాక ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. ముగ్గుపిండి వాడకండి, అది రాతిపొడి, సీళ్ళ దగ్గరికి చేరితే అరగదీస్తుంది. పావుగంట నడిపి ఆపితే తెల్లటి పొడి మీద తడి దారి స్పష్టంగా కనబడుతుంది. మాకు మిగిలిన ఆ పావు వంతు ఆయిల్ రాకర్ కవరు (ఇంజన్ పైన ఉండే రేకు మూత) వెనక మూల నుంచి దిగుతోందని అలాగే తెలిసింది. కార్క్ ప్యాకింగ్ ఎండి ముక్కలైపోయి ఉంది. మారిస్తే సరిపోయింది. ఈ ప్యాకింగ్ వేసేటప్పుడు బలం చూపించొద్దు, ఎక్కువ బిగిస్తే కార్కు నలిగి చిట్లుతుంది, రేకు కవరు వంగుతుంది. సిలికాన్ పేస్టు కూడా వెన్నలా పూయకండి, లోపలికి పిండుకుపోయిన ముక్క ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంజనే పోతుంది.

క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే ఒక కాటర్ పిన్ను ఉంటుంది. మీ చుక్క పడేది అక్కడే అయ్యుంటుంది. కొందరు కారడం ఆగుతుందని ఆ రంధ్రానికి బిరడా కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటు తడిసి జారుతుంది. ఆ చుక్కని తెల్లకాగితం మీద పట్టండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, వెనక సీలు మీద అనుమానం. తేనె రంగులో ఉంటే గేరుబాక్సు ముందు సీలు. ఈ మెస్సీల్లో గేరుబాక్సుకీ డిఫరెన్షియల్‌కీ హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్, అందుకే లిఫ్టు బరువుగా లేస్తోందంటే ఆ మట్టం కూడా చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే దమ్ములో నీళ్ళు దిగాయి, అది వేరే కథ.

ఇవన్నీ అయ్యాక కూడా నల్ల చుక్క ఆగకపోతే అప్పుడు విప్పించండి. ఈ పాత పెర్కిన్స్ రకం ఇంజన్లలో వెనక సీలు చాలావాటికి రబ్బరు రింగు కాదు, రెండు అర్ధచంద్రాల హౌసింగులో కూర్చోబెట్టే తాడు. మా మెకానిక్ రెండుసార్లూ తాడు చివర్లని అంచుకి సమంగా బ్లేడుతో కోసేశాడు, అదీ ఒక తప్పే. ప్రతి చివరా అంచు కన్నా పావు నుంచి అర మిల్లీమీటరు పైకి ఉండాలి, రెండు సగాలూ కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే సందు మూసుకుంటుంది. తాడుని గుండ్రటి కడ్డీతో దొర్లిస్తూ గాడిలో గట్టిగా కూర్చోబెట్టి, లోపలి వైపు గ్రాఫైట్ గ్రీజు రాయాలి. మీదాంట్లో తాడా, రింగా అన్నది విప్పి చూశాకే ఆటోనగర్ వెళ్ళండి. రింగే అయితే, అది తిరిగే చోట షాఫ్టు మీద వేలిగోరు రాసి చూడండి, గోరు పట్టేంత గాడి ఉంటే కొత్త సీలు పెదవి అందులోనే పడి మళ్ళీ కారుతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి.

విడదీసేటప్పుడు ముందు యాక్సిల్ ఊగకుండా రెండు వైపులా సందులో చెక్క వెడ్జీలు (ఏటవాలు చెక్క ముక్కలు) బిగించారో లేదో మీరే నిలబడి చూడండి. యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది, వెడ్జీలు లేకుండా విడదీస్తే ఇంజన్ పక్కకి ఒరిగి మనిషి మీద పడుతుంది. వెనక చక్రాలకి రాళ్ళు, రెండు సగాల కిందా గట్టి దిమ్మెలు ఉండాలి, జాకీ ఒక్కటే నమ్ముకోవద్దు. ఎలాగూ విప్పారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కూడా చూడమనండి, వాటికోసం మళ్ళీ ఇదే కూలి ఇవ్వడం ఎందుకు.

మా బండి ఇప్పటికీ రాత్రికి రెండు మూడు చుక్కలు రాలుస్తుంది, కింద పాత పెయింటు డబ్బా మూత పెడతాను, అంతే. మీరు బ్రీదర్ కడిగి, పౌడర్ చల్లాక తడి ఏ మూల కనబడిందో రాయండి, చుక్క రంగు కూడా చెప్పండి.