న్యూయార్క్‌లో అడుగుపెట్టే ముందు

చిట్టితల్లీ,

వచ్చే నెలలో న్యూయార్క్‌లో ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. నీకు ఇంగ్లీషు బాగానే వచ్చు, అయినా మొదటి వారంలోనే కొన్ని మాటలకు తెల్లమొహం వేస్తావు. 22 ఏళ్ళు ఇక్కడ నర్సుగా చేశాను కదా, అందుకే రాస్తున్నాను.

బరువైన సంచులు ఈడ్చుకుంటూ మూడంతస్తులెక్కడం 'ష్లెప్'. పొద్దస్తమానం సణగడం 'క్వెచ్'. పట్టుకున్నదల్లా జారవిడిచే మనిషి 'క్లట్జ్'. ఇవన్నీ యిడ్డిష్ మాటలు. 1880ల నుంచి, 1924లో వలసలకు కట్టడి పెట్టేదాకా, తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా వచ్చారు. వాళ్ళలో ఎంతోమంది మొదట కాపురం పెట్టింది మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకిళ్ళలోనే. జర్మన్‌కు దగ్గరి చుట్టమై, హీబ్రూ లిపిలో రాసుకునే వాళ్ళ ఇంటిభాష యిడ్డిష్‌లోని మాటలు మెల్లగా ఊరందరి నోటికీ ఎక్కాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. మనం 'జ్వరం గిరం', 'పెళ్ళి గిళ్ళి' అంటామే, వీళ్ళు రెండోసారి మాట మొదట్లో 'ష్మ' తగిలిస్తారు: 'ఫ్యాన్సీ ష్మ్యాన్సీ'. తొలిసారి విన్నరోజు మా అమ్మమ్మ పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. కానీ తేడా గుర్తుంచుకో. 'జ్వరం గిరం వచ్చిందా' అంటే జ్వరమో, అలాంటిదింకేదో అని. ఇక్కడ 'ష్మ' చేరిందంటే ఆ సంగతిని తీసిపారేసినట్టే. 'డాక్టర్ ష్మాక్టర్' అన్న రోగి చేత మాత్ర మింగించడం ఎంత కష్టమో నాకు తెలుసు!

'ష్మక్' దగ్గర మాత్రం జాగ్రత్త. తోటివాళ్ళు అంటుంటే విని, వెధవ అన్నంత తేలిక మాట అనుకుని ఒక పెద్దాయన ముందు అనేశాను. ఆయన మొహం బిగుసుకుపోయింది. యిడ్డిష్‌లో అది మగవాడి అంగానికి వాడే బూతు. సాయంత్రం వెళ్ళి క్షమించమన్నాను. 'పుట్జ్' కూడా అలాంటిదే. ఎవరు ఎవరితో ఎలా అంటున్నారో నెలరోజులు వినందే ఇలాంటివి నోట పెట్టకు.

'మెన్ష్' మాత్రం ధైర్యంగా వాడు. అసలర్థం మనిషి అనే. కష్టంలో ఆదుకున్నవాణ్ణి తలుచుకుని మనం 'వాడురా మనిషంటే' అంటామే, ఆ బరువు దీనికుంది.

ఇంకొకటి, ఇది యిడ్డిష్ కాదు, న్యూయార్క్ యాస. బేగల్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె) అమ్మే కొట్టు ముందు ఎవరైనా 'ఆర్ యూ ఆన్ లైన్?' అంటే ఫోన్ తీయకు. వరసలో ఉన్నావా అని అడుగుతున్నారు. అవునని చెప్పు. నీ వంతు రాగానే 'బేగల్ విత్ ఎ ష్మియర్' అని అడిగితే క్రీమ్ చీజ్ రాసి ఇస్తారు.

మీ పెద్దమ్మ