నాన్నగారి బరువెంతో చెప్పారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. లివర్ సిరోసిస్ ఉంది, రెండేళ్లుగా ప్రొప్రనలాల్ వాడుతున్నారు. బాగా చిక్కిపోయి 48 కిలోలకు వచ్చారు. ఆరు పళ్లు తీయించాలి. మాటిమాటికీ తిప్పలేక అన్నీ ఒకేసారి తీసేయమని అడుగుదామనుకున్నాం. అయితే నాలుగేళ్ల కిందట, ఈ జబ్బూ మందులూ ఏవీ లేనప్పుడు, ఒక పన్నుకి మత్తు సూది వేయగానే గుండె దడదడలాడి, చేతులు వణికి, చెమటలు పట్టాయి. పది నిమిషాల్లో సర్దుకుంది. ‘లిగ్నోకైన్ ఎలర్జీ’ అని చీటీ మీద రాసిచ్చారు. ఇప్పుడేం చేయాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ చీటీ సంగతి చూద్దాం. మీరు రాసినదాంట్లో దద్దుర్లు లేవు, మొహం వాయలేదు, పిల్లికూతలు లేవు. సూది పడగానే దడ, వణుకు, పది నిమిషాల్లో మాయం. పంటి సూదుల్లో లిగ్నోకైన్‌తో పాటు తరచూ అడ్రినలిన్ కలుపుతారు. అది కాస్త గబుక్కున రక్తంలోకి వెళ్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది. భయపడినప్పుడు ఒంట్లో పుట్టే అడ్రినలిన్ చేసేదీ ఇదే. లిగ్నోకైన్‌కి అసలైన ఎలర్జీ చాలా అరుదు. చీటీల మీద చాలాసార్లు చూశాను గానీ మనిషిలో ఇంతవరకూ చూడలేదు. అనుమానం తీరాలంటే ఎలర్జీ పరీక్ష చేయించండి. ఆ ముద్ర అలాగే ఉంటే ‘పూర్తి మత్తు ఇచ్చి తీద్దాం’ అనే వరకూ పోతుంది. చెడిన లివర్‌కి అది ఇంకా భారం.

నేను ఆగిపోయింది ‘అన్నీ ఒకేసారి’ అన్న మాట దగ్గర.

అడ్రినలిన్ లేని లిగ్నోకైన్‌కి పైహద్దు కిలోకి సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. 48 కిలోలకు 216. రెండు శాతం మందులో ఒక్కో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి అది పదకొండు మిల్లీలీటర్లు కూడా కాదు. ఒక పన్నుకి రెండు మిల్లీలీటర్లు పడితే భయమేమీ లేదు. ఆరు పళ్లు, రెండు వైపులా, పైనా కిందా అంటే హద్దు దగ్గరపడుతుంది. పైగా చీము పట్టిన పంటి దగ్గర మత్తు సరిగా ఎక్కదు. నొప్పి అంటారు, ఇంకో సూది పడుతుంది. మళ్లీ నొప్పి, మళ్లీ సూది. లెక్క అక్కడే తప్పుతుంది.

ఆ హద్దు కూడా లివర్ బాగున్నవాళ్లది. లిగ్నోకైన్‌ని విరగ్గొట్టేది లివరే. మామూలుగా రక్తంలో అది సగానికి తగ్గడానికి గంటన్నర, రెండు గంటలు పడితే, లివర్ చెడినవాళ్లలో రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ప్రొప్రనలాల్ లివర్‌కి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, దాంతో మందు ఇంకాస్త నిలిచిపోతుంది. అడ్రినలిన్ కలిస్తే హద్దు పెరుగుతుంది నిజమే, కానీ ప్రొప్రనలాల్ మీద ఉన్న మనిషికి ఆ అడ్రినలిన్‌తో బీపీ ఒక్కసారిగా పెరిగి నాడి నెమ్మదించొచ్చు. అలాగని ప్రొప్రనలాల్ మీ అంతట మీరు ఆపకండి. సిరోసిస్‌లో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లకుండా ఇస్తుంటారు దాన్ని.

హద్దు దాటితే ఏమవుతుందో నేను పీజీ చేసేటప్పుడు చూశాను. చేతి ఆపరేషన్ కోసం ఒక ముసలమ్మ చంకలో బుపివకైన్ అనే ఇంకో మత్తు మందు ఎక్కిస్తున్నాను. ఇది లిగ్నోకైన్ కంటే గుండెకి చాలా ప్రమాదం. సిరంజిలో 20 మిల్లీలీటర్లు, అంటే 100 మిల్లీగ్రాములు. సగంలో ఉండగా ఆవిడ, “అమ్మాయ్, నోట్లో ఇనపముక్క పెట్టినట్టుందే” అంది. నేను నవ్వేసి ఇంకో రెండు మిల్లీలీటర్లు నెట్టాను. పెదవి చివర సన్నగా అదరడం మొదలైంది. మాట ముద్దగా వచ్చింది. అంతలోనే ఫిట్స్. మా సీనియర్ నన్ను పక్కకి తోసి ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ మందు ఇచ్చారు. గుండె నిలబడింది కాబట్టి బతికింది. తర్వాత కేస్ షీట్ తీస్తే బరువు గడి ఖాళీ. చూపుతోనే 50 కిలోలు అనుకున్నాను. తూకం వేస్తే 39.

ఇప్పుడైతే ఇలా మత్తు మందు రక్తంలో ఎక్కువై విషమైతే ఇవ్వడానికి పాలలా తెల్లగా ఉండే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఉంది. తిండి తినలేనివాళ్లకి నరంలోంచి ఇచ్చే కొవ్వు ఇది. 1998లో గై వైన్‌బర్గ్ అనే డాక్టరు, కొవ్వు ఎక్కిస్తే బుపివకైన్ విషం ముదురుతుందనుకుని ఎలుకల మీద చూస్తే, అవి ఎక్కువ మోతాదుని తట్టుకున్నాయి. మీ నాన్నగారి బరువుకి మొదటి మోతాదు 72 మిల్లీలీటర్లు. ఇవ్వాల్సిన అవసరం దాదాపు రాదు, కానీ మందూ ఆక్సిజనూ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే పళ్లు తీయించండి.

విడతకు ఒకటి రెండు పళ్లు, ఒకే వైపు. తిప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. ముందుగా లివర్ డాక్టరు చేత ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష చూపించండి. పళ్ల డాక్టరుకి ఆ రోజు తూచిన బరువు, మందుల జాబితా రాసివ్వండి. సూది నెమ్మదిగా, మధ్యమధ్యలో వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసి వేస్తారు. నోట్లో ఇనుము రుచి, నాలుక చివరంతా మొద్దు, చెవుల్లో హోరు, ఊరికే మగతగానో వాగుడుగానో ఉండటం, వీటిలో ఏదొచ్చినా చెయ్యెత్తమని నాన్నగారికి చెప్పండి. అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికొచ్చాక నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు.

ప్రశ్న: మా బాబుకి ఏడో నెల. పళ్లొస్తూ ఏడుస్తున్నాడు. పెద్దవాళ్ల నోటిపూతకి తెచ్చిన బెంజోకైన్ జెల్ చిగుళ్లకు రాయొచ్చా?

జవాబు: వద్దు. బెంజోకైన్ వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి రావొచ్చు. పెదవులు, గోళ్లు నీలంగా, బూడిదరంగుగా మారతాయి, రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. రెండేళ్లలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది. లిగ్నోకైన్ జెల్ కూడా వద్దు, చొల్లుతో పాటు మింగేస్తాడు. చల్లబరిచిన శుభ్రమైన రబ్బరు రింగు ఇవ్వండి, గడ్డకట్టినది కాదు. ఇప్పటికే రాసి ఉండి, రంగు మారినట్టు కనిపిస్తే ఈ పత్రిక పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.