బయాలజీలో ‘యా’, బయోకెమిస్ట్రీలో ‘యో’

సందేహం: బయాలజీ, బయోకెమిస్ట్రీ రెండింటిలోనూ ఉన్నది ఒకే ‘బయో’ కదా, ఒకచోట ‘యా’, ఒకచోట ‘యో’ ఎందుకు రాస్తాం? హెలికాప్టర్‌ను హెలి + కాప్టర్ అని విడదీయవచ్చా?

సమాధానం: ముక్క ఒకటే. గ్రీకులో ‘బియోస్’ అంటే జీవితం. తేడా తెచ్చినది ఇంగ్లీషు ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. ‘-లజీ’ మాటల్లో అది చివరి నుంచి మూడో అక్షరం మీద, అంటే సరిగ్గా ఆ ‘ఒ’ మీదే పడుతుంది. ఊనిక పడిన పొట్టి ‘ఒ’ మన చెవికి ‘ఆ’. డాక్టర్, కాలేజీ అలా వచ్చినవే. బయోకెమిస్ట్రీలో ఊనిక ‘కె’ మీదికి జరిగింది, ‘ఓ’ మిగిలింది. జియాలజీ–జియోఫిజిక్స్, థర్మామీటర్–థర్మోడైనమిక్స్ జంటలూ ఇంతే. బారోమీటర్, ఫోటోగ్రఫీ మాత్రం చెవితో కాక కంటితో, స్పెల్లింగు చూసి రాసుకున్నవి. స్థిరపడ్డాయి కాబట్టి వాటిని దిద్దనక్కర్లేదు.

ఇక హెలికాప్టర్. పలికేటప్పుడు హె-లి-కాప్-టర్. అర్థానికి మాత్రం హెలికో + ప్టర్: ‘హెలిక్స్’ అంటే మెలిక, ‘ప్టెరోన్’ అంటే రెక్క. 1861లో ఫ్రెంచివాడు పోంతోఁ దామెకూర్ కట్టిన మాట ఇది. ‘ప’ను ముందు అక్షరానికి అంటగడితే రెక్క విరుగుతుంది. మన లిపి ‘ప్ట’ను జంటగా రాసి ఆ ముక్కను చెదరనివ్వలేదు, అది నాకెంతో ముచ్చటగా ఉంటుంది. ఈగలు, దోమల వర్గమైన డిప్టెరాలో (రెండు రెక్కలవి) ఉన్నదీ ఈ ‘ప్టెరోన్’ ముక్కే. టెరోడాక్టిల్‌లోనూ (పూర్వకాలపు ఎగిరే సరీసృపం) అదే, కాని మాట మొదట్లో కాబట్టి ఇంగ్లీషు ‘ప’ను మింగేసింది. సంస్కృతంలో రెక్కను చెప్పే ‘పతత్రం’ దీనికి దాయాది.

హెలిప్యాడ్ తప్పు విరుపు నుంచి పుట్టినా ఇప్పుడు చెల్లుబాటయ్యే మాటే. కాని ఆ ‘హెలి’ని హీలియంతో కలపకండి, హీలియం సూర్యుణ్ణి చెప్పే ‘హీలియోస్’ నుంచి వచ్చింది.

ఇలాగే పొరబడే చోటు మరొకటుంది. అనీమియాలో ‘అన్’ లేమిని చెబుతుంది, నెత్తురు లేమి. మన ‘అనంతం’లోని ‘అన్’కు అది తోబుట్టువు. ఆనోడ్‌లో (విద్యుత్ ధ్రువాల్లో ఒకటి) అలా కాదు. 1834లో శాస్త్రవేత్త ఫారడే వాడుకలోకి తెచ్చిన ఆ మాట ‘అనా’ (పైకి) + ‘హొదోస్’ (దారి). అందులో లేమి వెతికితే ‘దారి లేనిది’ అనే తప్పుడు అర్థం వస్తుంది.