ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పిల్లల రక్షణ విభాగం దెబ్బతింటే, పక్క కౌన్సిల్ దాన్ని ఎలా నిలబెడుతుంది?

ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవి కౌన్సిల్ దీనికి మంచి ఉదాహరణ. 2013లో తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ అక్కడి పిల్లల రక్షణ సేవలు బాగా లేవని తేల్చింది. ఆ ఏడాదే పక్కనున్న హ్యాంప్‌షైర్ కౌన్సిల్ నిర్వహణ చేపట్టింది. 2018 తనిఖీలో 'గుడ్' (బాగుంది) రేటింగ్ వచ్చింది. అంటే ఐదేళ్లు పట్టింది. ఆరు నెలల్లో అయ్యే పని కాదిది.

ఇలాంటి చోట ముందు చూడాల్సింది ఫిర్యాదులు వచ్చి చేరే గడప. ఏం చేయాలో ఒక పనిదినంలో తేల్చాలి, పిల్ల పరిస్థితిని పూర్తిగా అంచనా వేయడం 45 పనిదినాలు దాటకూడదు. పిల్లకు హాని జరుగుతోందన్న అనుమానంపై పోలీసులు, ఆరోగ్య శాఖతో చర్చ జరిగితే, అవసరమైన కేసుల్లో 15 పనిదినాల్లోపు రక్షణ సమావేశం పెట్టాలి. తర్వాత రెండు కౌన్సిళ్ల వాళ్లూ కలిసి కూర్చుని కేసు ఫైళ్లు చదవాలి. గడువులన్నీ పాటించినట్టు కనిపించే ఫైల్లో పిల్లతో ఒంటరిగా మాట్లాడిన దాఖలా లేకపోవడం మామూలే. అసలు లోపం అక్కడుంటుంది.

బెడిసికొట్టేది ఎక్కువగా సిబ్బంది దగ్గరే. ఏజెన్సీల ద్వారా తాత్కాలికంగా వచ్చే వర్కర్లు తరచూ మారితే, ప్రతిసారీ కొత్త మనిషికి కుటుంబం కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. సాయపడే కౌన్సిల్ తన మంచి మేనేజర్లందర్నీ అటు పంపేస్తే సొంతిల్లు వీకవుతుంది. అందుకే ఎవరు, వారానికి ఎన్ని రోజులు, ఖర్చు ఎవరిది అన్నది ముందే రాతపూర్వకంగా పెట్టుకోవాలి.