పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వీడియో గురించి నీకొక మాట

చిన్నా,

నిన్న రాత్రి ఫ్యామిలీ గ్రూపులో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ నువ్వు పెట్టిన వీడియో చూశాను. అది చూసి మీ చిన్నమ్మ పొద్దున్నే పిల్లల్ని ట్యూషన్ మాన్పించింది. కోప్పడాలని రాయడం లేదు, భయమేసి రాస్తున్నాను.

2018 మే నెలలో నువ్వు హాస్టల్లో ఉన్నావు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని అప్పుడు వాట్సాప్‌లో ఒకటే గోల. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకునే పిల్లాణ్ని లాక్కుపోయే వీడియో అది. నేనూ నమ్మి మన వీధిలో నలుగురికి చూపించాను. రెండ్రోజులకు బిచ్చానికి వచ్చిన ఒక ముసలాయన్ని మనవాళ్లే చెట్టుకు కట్టేసి కొట్టారు. పోలీసులు వేళకు వచ్చారు కాబట్టి బతికాడు. జోలె దులిపితే రెండు జొన్నరొట్టెలు, ఒక సత్తుగిన్నె పడ్డాయి.

ఆ వీడియో కరాచీలో తీసిందని తర్వాత తెలిసింది. పిల్లలు జాగ్రత్త అని తల్లిదండ్రులకు చెప్పే ప్రచార చిత్రమట. చివర్లో ఆ ఇద్దరే పిల్లాణ్ని తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించి పంపారు. గద్వాల జిల్లాలో పోలీసులు డప్పులతో, పాటలతో ఊరూరా తిరిగి జనానికి నచ్చజెప్పాల్సి వచ్చింది.

అందుకే ఏ వీడియో వచ్చినా దానికి ముందేముంది, వెనకేముంది అని వెతుకు. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెయ్యి. పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ఏమీ దొరకకపోతే నిజమైపోయిందనుకోకు. బండి నంబరు, షాపుల బోర్డులు చూడు. నువ్వు పెట్టినదాంట్లో మన జిల్లా అని రాసుంది, వెనక గోడ మీద అక్షరాలు మాత్రం తెలుగు కావు. పైన రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే ఎన్నో చేతులు మారి వచ్చింది. మామయ్య పంపాడు కదా అంటావు. మామయ్యకు ఎవరు పంపారు?

గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నావు కాబట్టి ఇంకొక్కటి. ఉద్యోగాల నోటిఫికేషన్ ఎక్కడ చూసినా సర్వీస్ కమిషన్ సొంత సైట్‌లో ఉందో లేదో చూడందే ఫీజు కట్టకు. సైట్ పేరు మధ్యలో ఎక్కడో గవ్ అని ఉంటే చాలదు, డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగియాలి.

ఆ వీడియో ఇప్పుడే తీసెయ్. తీసేసి ఊరుకోకుండా, పొరపాటున పెట్టానని గ్రూపులో రాయి. చిన్నమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, రేపు పిల్లలు ట్యూషన్‌కు వెళ్లాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న