సీలు విప్పిన గేమ్ డిస్కు వాపసు ఇవ్వొచ్చా?

బీసెంట్ రోడ్డులో కొన్న పీఎస్5 (ప్లేస్టేషన్ 5) గేమ్ డిస్కు ఆన్‌లైన్లో 800 రూపాయలు తక్కువకు కనిపించిందని, 'డిస్కు ఆడట్లేదు' అని చెప్పి వాపసు ఇవ్వొచ్చా అని అడిగారు. వద్దండీ. సీలు విప్పాక అది షాపాయనకు సెకండ్‌హ్యాండే, మీ 800 ఆయన నెత్తిన పడుతుంది. పైగా అక్కడే కన్సోల్‌లో పెట్టి చూస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటారు? సీలు విప్పకపోతే మాత్రం బిల్లు పట్టుకెళ్లి ఉన్నమాట చెప్పి అడగండి.

విప్పేస్తే ఆడేసి అమ్మేయండి. డిస్కు మీ అకౌంటుకు అతుక్కోదు, కొన్నవాళ్లు హాయిగా ఆడుకుంటారు. పెట్టెలో వచ్చిన బోనస్ డౌన్‌లోడ్ కోడ్ వాడేసి ఉంటే ముందే చెప్పండి, అది మళ్లీ పనిచేయదు.

పీసీ వాళ్లకు ఈ గొడవే లేదు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి ఇస్తారు. సేల్‌కు ముందు కొన్నది వాపసిచ్చి, తగ్గిన ధరకు మళ్లీ కొన్నా తప్పుపట్టమని వాళ్ల రూల్స్‌లోనే ఉంది.