పొట్టేలు పుండులో పురుగులు తీసేసినా మళ్లీ ఎందుకు కనిపిస్తున్నాయి?

మొయినాబాద్ దగ్గర ఇరవై గొర్రెల మంద, పొట్టేలు కొమ్ము మొదట్లో పుండు, టర్పెంటైన్ పోస్తే పురుగులు రాలాయి, మూడో రోజుకు మళ్లీ కనిపించాయి అని అడిగారు. అవి చాలావరకు కొత్తవి కావండి, లోపల మిగిలిపోయినవే. మన దగ్గర పుండ్లలో పడే స్క్రూవార్మ్ ఈగ పిల్లలు తల కిందికి పెట్టి కండలోకి తొలుచుకుపోతాయి. ఊపిరి తీసుకునే రంధ్రాలు వాటి తోక వైపు ఉంటాయి. పైన కనిపించే కన్నం రూపాయి బిళ్లంతే ఉన్నా లోపల గుహలా ఉంటుంది. పైపైన నాలుగు చుక్కలు పోస్తే పై వరుస రాలుతుంది, అడుగువి అక్కడే ఉంటాయి.

పుండు చుట్టూ రెండు అంగుళాల మేర వెంట్రుకలు కత్తిరించండి. గుడ్లు అంచుల్లోనే, తెల్లగా బియ్యపు నూకల్లా అతుక్కుని ఉంటాయి, వాటిని గీకి తీసేయాలి. లీటరు నీళ్లకు ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి కడగండి, అంతకు మించితే కండ మాడుతుంది. టర్పెంటైన్‌లో ముంచి పిండిన దూదిని పుండు మీద పది, పదిహేను నిమిషాలు అదిమి ఉంచితే ఊపిరాడక పురుగులు పైకి వస్తాయి. పట్టుకారుతో ఒక్కొక్కటే తీసి కిరోసిన్ ఉన్న డబ్బాలో వేయండి. నేల మీద పారేస్తే మట్టిలో దూరి, మళ్లీ ఈగలై వస్తాయి. టార్చి వేసి చూడండి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి మళ్లీ చేయండి.

మీ పొట్టేలు విషయంలో ఒక జాగ్రత్త. కొమ్ము మొదలు పగిలితే లోపలి బోలు పుర్రెలోని గాలి గదులతో కలిసి ఉంటుంది. అక్కడ ఏ మందూ ధారగా పోయకండి, దూది కూడా లోపలికి కుక్కకండి. కన్ను, చెవి, ఈనిన గొర్రె మానం దగ్గర అసలు టర్పెంటైనే వద్దు. పెట్రోలు, ఫినాయిల్, కలరా ఉండల పొడి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. పురుగులతో పాటు కండ కూడా చచ్చిపోయి, ఆ కుళ్లు వాసనకే కొత్త ఈగలు వస్తాయి. సీతాఫలం ఆకు ముద్ద పాత పద్ధతి, చిన్న పుండుకు పనిచేస్తుంది, కానీ కంట్లో పడితే ప్రమాదం.

పురుగులు పోయాక పోవిడోన్ అయోడిన్ రాసి, అంచుల చుట్టూ హైమాక్స్ లాంటి ఈగలు వాలనివ్వని మందు మానేదాకా రోజూ వేయాలి. చాలామంది మూడో రోజుకే ఆపేస్తారు, అక్కడే కథ మొదటికొస్తుంది. లోతైన పుండుకు పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ చర్మం కింద, 50 కిలోలకు ఒక మిల్లీలీటరు లెక్కన. అంటే 25 కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు. బరువు కంటితో అంచనా వేయకుండా తూచి, డాక్టర్‌ని అడిగి వేయించండి. బక్రీద్‌కు అమ్మాలనుకుంటే మందు వేశాక మాంసానికి కోయకుండా ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద చూసుకోండి.

ఇక ముందు జాగ్రత్త. యూట్యూబ్‌లో చూసే ఆస్ట్రేలియా పద్ధతులు ఉన్ని గొర్రెలకు, వేరే రకం ఈగకు. మన నెల్లూరు జాతికి ఉన్ని లేదు, మనకు ఈగ వాలేది గాయం మీద. జూన్ నుంచి అక్టోబరు దాకా చెవికి నంబరు బిళ్లలు వేయడం, వట్టలు కొట్టడం లాంటివి పెట్టుకోకండి. అప్పుడే పుట్టిన పిల్ల బొడ్డును అయోడిన్‌లో ముంచండి. పిడుదు కుట్టిన చోటు, గిట్టల సందు, పారుకున్న గొర్రె తోక కింద రోజూ చూడండి. దక్కనీ గొర్రెలైతే ఉన్ని విడదీసి వెతకాలి. గుడ్లు ఒక్క రోజులోనే పగులుతాయి కాబట్టి వానాకాలంలో పొద్దున, సాయంత్రం మందను చూడాల్సిందే. మంద నుంచి విడిగా నిలబడి, తల విదిలిస్తూ, మేత మానిన దాన్ని ముందు పట్టుకోండి.

పుండు కంటి దాకా వెళ్లినా, ముక్కులోంచి రక్తం కలిసిన చీము కారినా ఇంట్లో ప్రయోగాలు ఆపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.